ఎవరి లాగిన్ వాళ్ళకే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో నెట్ బ్యాంకింగ్ గురించి రాశాక వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఆఫీసు లాగిన్ల మీదే ఉన్నాయి. ఓటీపీ గోల, లాగిన్‌కి కోడ్ ఇచ్చే అథెంటికేటర్ యాప్ గోల, కంప్యూటర్లో ఏదైనా మార్చుకునే అడ్మిన్ రైట్స్ పీకేశారన్న గోల, అందుకని ఈసారి పేజీ మొత్తం వాటికే ఇచ్చేశాం. పేర్లు వేయొద్దని కొందరు అడిగారు, అసలు ఎవరివీ వేయలేదు.

ప్రశ్న: గుంటూరులో మిర్చి వ్యాపారం చేసే ఫర్మ్‌లో అకౌంట్స్ చూస్తానండి. సరుకు పంపేటప్పుడు జీఎస్‌టీ కోసం ఆన్‌లైన్లో తీసే ఈ-వే బిల్లులకి, ఈ-ఇన్వాయిస్‌కి మా ఓనరు గారి లాగిన్ ఒక్కటే, మేం నలుగురం అదే వాడతాం. ఇదివరకు పాస్‌వర్డ్ తెలిస్తే పనైపోయేది, ఇప్పుడు ప్రతిసారీ ఓటీపీ ఆయన ఫోనుకే పోతుంది. మొన్న ఆయన తిరుమలలో ఫోను డిపాజిట్ చేసి క్యూలో ఉన్నారు, ఇక్కడ లారీ లోడైపోయి నిలబడింది, డ్రైవరు మా మీద ఒకటే అరుపులు. ఈ ఓటీపీ తీయించేసే దారి ఏమైనా ఉందా?

తీయించే దారి లేదండి. మొదట వంద కోట్ల టర్నోవరు దాటినవాళ్ళకి పెట్టారు, తర్వాత 2025 జనవరి 1 నుంచి ఇరవై కోట్లు దాటినవాళ్ళకి, ఫిబ్రవరి 1 నుంచి అయిదు కోట్లు దాటినవాళ్ళకి, ఏప్రిల్ 1 నుంచి అందరికీ అన్నారు. కాబట్టి ఇది ఇక ఉండేదే.

కానీ మీ లారీ ఆగింది ఓటీపీ వల్ల కాదు, నలుగురు ఒకే లాగిన్ మీద కూర్చున్నందువల్ల. ఆ పోర్టల్లోనే యూజర్ మేనేజ్‌మెంట్ అని ఉంటుంది, అందులో మీ ఓనరు గారు తన లాగిన్‌తో వెళ్ళి మీ నలుగురికీ తలా ఒక సబ్ యూజర్ చేసి ఇవ్వొచ్చు, ఎవరి మొబైల్ నంబరు వాళ్ళది ఇస్తే ఓటీపీ కూడా ఎవరి ఫోనుకి వాళ్ళకే వస్తుంది, ఆయన తిరుమలలో ఉన్నా, శబరిమలలో ఉన్నా మీ పని ఆగదు. ఎస్ఎంఎస్ రాకపోతే ఎన్ఐసీ-జీఎస్‌టీ-షీల్డ్ అనే యాప్ ఉంది, నెట్ లేకపోయినా ఫోన్లోనే కోడ్ చూపిస్తుంది, ముప్పై సెకన్లకోసారి అది మారిపోతుంటుంది. ప్రభుత్వ మెసేజింగ్ యాప్ సందేశ్‌లో కూడా ఓటీపీ తీసుకోవచ్చు.

సబ్ యూజర్ చేసేటప్పుడే ఎవరు ఏం చేయొచ్చో టిక్ పెట్టాలి. ఇక్కడ చాలామంది అన్నిటికీ టిక్కులు కొట్టేసి ఓకే నొక్కేస్తారు, దయచేసి అలా చేయించకండి. గోడౌన్ దగ్గర ఉండే కుర్రాడికి బిల్లు తీయడం, బండి నంబరు మార్చడం చాలు, అవతలివాళ్ళ బిల్లులు రిజెక్ట్ చేసే పని అతనికెందుకు. ఎవరైనా మానేస్తే వాళ్ళ సబ్ యూజర్‌ని ఫ్రీజ్ చేసేయొచ్చు, మిగతా ముగ్గురికీ పాస్‌వర్డ్ మార్చి చెప్పుకునే తిప్పలు ఉండవు.

మీరు అడగలేదు గానీ ఒక మాట చెప్పాలి. ఈ-వే బిల్లు తీసిన 24 గంటల్లోపు క్యాన్సిల్ చేయొచ్చు కదా, రేపు లారీ దారిలో ఉండగా ఎవరో పొరపాటున వేరే బిల్లనుకుని దీన్ని క్యాన్సిల్ చేశారనుకోండి, చెక్‌పోస్ట్‌లో పట్టుకుంటే పెనాల్టీ ఓనరు గారిదే, అది సరే, ఆఫీసులో ఎవరు చేశారన్న ప్రశ్న వచ్చేసరికి రికార్డులో ఓనరు పేరే ఉంటుంది. అప్పుడు అనుమానం ఎవరి మీదకి పోతుంది? కొత్తగా చేరినవాడి మీదకో, నోరులేనివాడి మీదకో. విడివిడి లాగిన్లు అంటే యజమాని మనల్ని నమ్మట్లేదని చాలామంది బాధపడతారు గానీ, నా లెక్కలో దాని మొదటి లాభం తప్పు చేయని ఉద్యోగికే. నేను ముట్టుకోలేదు అని చూపించడానికి వాడి దగ్గర వేరే కాగితం ఏముంటుంది చెప్పండి.

ప్రశ్న: మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తున్నాను. ఆఫీసు లాగిన్‌కి అథెంటికేటర్ యాప్ నా సొంత ఫోన్లో వేసుకోమన్నారు. నా ఫొటోలు, వాట్సాప్ చాట్లు కంపెనీవాళ్ళు చూస్తారేమోనని భయం. ఇంకోటి, వారం నుంచి రాత్రి రెండింటికి, మూడింటికి "అప్రూవ్ చేయాలా" అని నోటిఫికేషన్లు వస్తున్నాయి, నిద్రమత్తులో ఎప్పుడైనా నొక్కేస్తానేమో. సర్వర్ ప్రాబ్లం అయ్యుంటుందా?

రెండో ప్రశ్నకి ముందు జవాబు చెప్తా, అదే అర్జెంటు. అది సర్వర్ ప్రాబ్లం కాదు అనుకునే నడుచుకోండి. మీరు లాగిన్ అవ్వకుండా అప్రూవల్ అడుగుతోందంటే మీ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరో ఉందని అర్థం, వాళ్ళు గేటు దాటి లోపలికొచ్చి మీ తలుపు కొడుతున్నారు. ఈ పేజీ పక్కన పెట్టి ముందు డినై కొట్టండి, పాస్‌వర్డ్ మార్చండి, మీ సెక్యూరిటీ టీంకి టైముతో సహా మెయిల్ పెట్టండి, అన్ని డివైజుల్లో సైన్ అవుట్ చేయమని కూడా అడగండి.

2022 సెప్టెంబరులో ఉబర్ కంపెనీకి సరిగ్గా ఇదే జరిగింది. కాంట్రాక్టు మీద పనిచేసే ఒకతని పాస్‌వర్డ్ దొంగల చేతికి పోయింది, వాళ్ళు లాగిన్ కొడుతూనే ఉన్నారు, అతనికి రిక్వెస్టులు వస్తూనే ఉన్నాయి, చివరికి ఒకటి ఒప్పుకున్నాడు. మేం ఐటీ వాళ్ళం, ఇది ఆగాలంటే ఓకే నొక్కు అని వాట్సాప్‌లో మెసేజ్ కూడా పెట్టారని అప్పట్లో వార్తలొచ్చాయి. విసిగించి విసిగించి ఓకే నొక్కించడం, అంతే ట్రిక్కు, ఇందులో గొప్ప హ్యాకింగ్ ఏమీ లేదు. ఇలాంటివి ఎక్కువయ్యాకే మైక్రోసాఫ్ట్ వాళ్ళు 2023 మే నుంచి తమ అథెంటికేటర్‌లో ఉత్త ఓకే బటన్ తీసేసి, కంప్యూటర్ స్క్రీన్ మీద కనిపించే నంబరు ఫోన్లో కొట్టాలని పెట్టారు. స్క్రీన్ మీ ముందు లేకపోతే నంబరు తెలీదు, నిద్రమత్తులో నొక్కినా ఏం కాదు. మీ కంపెనీలో ఇంకా ఉత్త అప్రూవ్ బటనే ఉందంటే ఆ సెట్టింగ్ మార్చమని మీరే అడగండి, అడిగినందుకు ఎవరూ ఏమీ అనరు.

ఇక ఫొటోల భయం. ఆరంకెల కోడ్ చూపించే మామూలు అథెంటికేటర్ మీ గ్యాలరీ జోలికి, చాట్ల జోలికి పోదు. మొదట్లో క్యూఆర్ స్కాన్ చేస్తారే, అప్పుడు ఒక రహస్య నంబరు మీ ఫోన్లోకి వస్తుంది, అదే నంబరు కంపెనీ సర్వర్ దగ్గర కూడా ఉంటుంది, ఆ నంబరుని ఇప్పటి టైముతో కలిపి లెక్కేస్తే రెండు వైపులా ఒకే కోడ్ వస్తుంది. విమానంలో నెట్ లేకపోయినా కోడ్ రావడానికి కారణం ఇదే. ఫోను గడియారం తేడాగా ఉంటే కోడ్ తప్పని చెప్పడానికి కారణమూ ఇదే, ఆటోమేటిక్ టైం పెట్టుకోండి.

అయితే అథెంటికేటర్ వేరు, కంపెనీ ఫోన్‌ని మేనేజ్ చేసే యాప్ వేరు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వర్క్ ప్రొఫైల్ అనో, డివైస్ అడ్మిన్ అనో, ఫోన్లో డేటా చెరిపే అధికారం ఇవ్వండి అనో అడిగితే అక్కడ ఆగి, ఏం చూస్తారు, నేను మానేస్తే ఏం చెరుపుతారు అని రాతపూర్వకంగా అడగండి. అది ఇష్టం లేకపోతే యూఎస్‌బీకి పెట్టే సెక్యూరిటీ కీ ఇమ్మని అడగొచ్చు, ఖరీదు కొన్ని వేలే, పైగా అన్నిటికంటే గట్టిది అదే. గూగుల్ వాళ్ళు 2017లో తమ ఉద్యోగులందరికీ అవే ఇచ్చారు, 85 వేలకి పైగా మందిలో ఆ తర్వాత ఒక్కరి ఆఫీసు అకౌంటు కూడా ఫిషింగ్‌కి, అంటే నకిలీ సైటు చూపించి పాస్‌వర్డ్ కొట్టేసే మోసానికి, పడలేదని 2018లో చెప్పారు.

ప్రశ్న: విజయవాడలో ఒక ప్రైవేటు హాస్పిటల్లో అడ్మినిస్ట్రేషన్ చూస్తున్నాను, పద్నాలుగేళ్ళ సర్వీసు. బిల్లింగ్, ల్యాబ్, ఫార్మసీ, జీతాలు, అన్నీ నా లాగిన్‌లో తెరుచుకునేవి. కొత్తగా వచ్చిన ఐటీ కుర్రాడు అవన్నీ పీకేసి, బిల్లింగ్ ఒక్కటి ఉంచాడు. నా కంప్యూటర్లో ప్రింటర్ డ్రైవరు వేసుకోవాలన్నా వాడిని పిలవాలి. ఎండీ గారికి చెప్తే "సెక్యూరిటీ అండీ" అని నవ్వేశారు. ఇన్నేళ్ళు నమ్మి ఇప్పుడు ఇలా చేయడం అవమానం కాదా?

మీ బాధ అర్థమైంది. చెప్పిన తీరు బాలేదు, అది మాత్రం వాళ్ళ తప్పే. పద్నాలుగేళ్ళ మనిషికి ముందు కూర్చోబెట్టి చెప్పి, ఆ తర్వాత తీయాలి, పొద్దున్నే వచ్చి లాగిన్ అయితే సగం మెనూలు మాయమైతే ఎవరికైనా కడుపు మండుతుంది.

చేసిన పని మాత్రం కరెక్టు. ఇది నమ్మకానికి సంబంధించింది కాదండీ. బ్యాంకులో స్ట్రాంగ్‌రూంకి రెండు తాళాలుంటాయి, మేనేజరు దగ్గర ఒకటి, ఇంకో ఆఫీసరు దగ్గర ఒకటి, ఇద్దరూ వస్తేనే తెరుచుకుంటుంది. ముప్పై ఏళ్ళ సర్వీసున్న మేనేజరు కూడా నన్ను దొంగంటారా అని అలగడు, రేపు లోపల ఏదైనా తక్కువైతే ఒక్కడి మెడకి చుట్టుకోదని ఆయనకి తెలుసు.

పనికి ఎంత కావాలో అంతే అధికారం అన్న సూత్రం కంప్యూటర్లలో కొత్తగా పుట్టింది కూడా కాదు, సాల్ట్‌జర్, ష్రోడర్ అని ఇద్దరు కంప్యూటర్ శాస్త్రవేత్తలు 1975లోనే రాసి పెట్టారు. దాని వెనక లెక్క చాలా సింపుల్. మీ లాగిన్‌తో మీరేం చేయగలరో, మీ లాగిన్ దొరికినవాడు కూడా అదంతా చేయగలడు. మీరు మంచివారే, మీ పాస్‌వర్డ్ పట్టుకున్నవాడు మంచివాడు కావాలని లేదు కదా. ఒక మెయిల్లో అటాచ్‌మెంట్ క్లిక్ చేశారనుకోండి, ఆ వైరస్ మీ అధికారాలతోనే నడుస్తుంది, మీ కంప్యూటర్లో మీరు అడ్మిన్ అయితే అదీ అడ్మినే, మీకు జీతాల ఫోల్డరు తెరుచుకుంటే దానికీ తెరుచుకుంటుంది, మీకు ల్యాబ్ రిపోర్టులు మార్చే వీలుంటే వాటిని లాక్ చేసే వీలు దానికీ ఉంటుంది. ప్రింటర్ డ్రైవరు వేసుకోనివ్వకపోవడం చిరాకే, కాదనను, కానీ డ్రైవరుని ఆపిన గేటే వైరస్‌ని కూడా ఆపుతుంది. అన్నిటినీ కాదు, చాలావాటిని.

హాస్పిటల్ అన్నారు కాబట్టి ఢిల్లీ ఎయిమ్స్ గుర్తుండే ఉంటుంది. 2022 నవంబరు 23న సర్వర్లు పడిపోయి, రోజుల తరబడి ఓపీ చీట్లు, అడ్మిషన్లు, ల్యాబు అన్నీ చేత్తో రాసుకున్నారు. అయిదు సర్వర్లు దెబ్బతిన్నాయని, నెట్‌వర్క్‌ని సరిగ్గా భాగాలుగా విడదీయకపోవడం వల్లే అలా పాకిందని తర్వాత పార్లమెంటులో ప్రభుత్వమే చెప్పింది. అక్కడ నెట్‌వర్క్ విషయం, మీ దగ్గర లాగిన్ విషయం, రెండిట్లో జబ్బు ఒక్కటే, ఒక గదిలోకి వచ్చినవాడికి ఇల్లంతా తెరుచుకోవడం.

పెద్ద కంపెనీలకి ఇవన్నీ తెలిసే ఉంటాయి అనుకోకండి. 2020 జులై 15న ట్విట్టర్‌లో ఒబామా, బైడెన్, ఎలాన్ మస్క్ అకౌంట్ల నుంచి బిట్‌కాయిన్ పంపండి, రెట్టింపు చేసి ఇస్తాం అని ట్వీట్లు వచ్చాయి. వాళ్ళ పాస్‌వర్డులు ఎవరూ పగలగొట్టలేదు. ట్విట్టర్ ఉద్యోగులకి ఫోన్ చేసి నమ్మించి లాగిన్లు తీసుకున్నారు, ఆ లాగిన్లతో లోపల ఉండే ఒక టూల్ తెరిచారు, ఆ టూల్‌తో యూజర్ల అకౌంట్లు మార్చేయొచ్చు. మొత్తం 130 అకౌంట్ల మీద పడ్డారు, 45 అకౌంట్ల నుంచి ట్వీట్లు వేశారు. ఆ టూల్ వాడే వీలు వెయ్యి మందికి పైగా ఉందని మాజీ ఉద్యోగులే అప్పుడు రాయిటర్స్ వార్తాసంస్థకి చెప్పారు. చేసింది ఎవరో అంతర్జాతీయ ముఠా అనుకుంటే పట్టుబడ్డ ముఖ్యుడు ఫ్లోరిడాలో పదిహేడేళ్ళ పిల్లాడు.

ఇక మీరు చేయాల్సింది ఏంటంటే, అలగడం మానేసి, మీ పనికి నిజంగా ఏమేం కావాలో ఒక కాగితం మీద రాసి ఎండీ గారికి ఇవ్వండి. నెలాఖరుకి జీతాల స్టేట్‌మెంట్ చూడాలంటే చూసే హక్కు మాత్రమే అడగండి, మార్చే హక్కు అక్కర్లేదు. ల్యాబులో ఎప్పుడైనా కేసు క్లియర్ చేయాలంటే ఆ ఒక్క రోజుకి ఇచ్చి సాయంత్రం తీసేసేలా అడగండి. ఆ ఐటీ కుర్రాడు సెలవు పెడితే ప్రింటర్ డ్రైవరు ఎవరు వేస్తారో కూడా అడగండి, ఎందుకంటే అడ్మిన్ పాస్‌వర్డ్ ఒక్కడి దగ్గరే ఉండటం కూడా అంతే ప్రమాదం. అతను కూడా మెయిల్స్ చూసుకోవడానికి అడ్మిన్ లాగినే వాడుతుంటే మాత్రం మొహమాటం లేకుండా నిలదీయండి, రోజువారీ పనికి అతనికీ మామూలు లాగినే ఉండాలి. ఎండీ గారికి కూడా. ఈ చివరిది మన దగ్గర ఎవరూ చెప్పరు, పెద్దాయన కదా అని అన్నీ తెరిచి ఇచ్చేస్తారు, మోసగాళ్ళు మొదట వల వేసేది ఆయనకే.

ప్రశ్న: మా స్కూల్ జీమెయిల్, ఫేస్‌బుక్ పేజీ, యూట్యూబ్ ఛానల్ అన్నీ పాత క్లర్కు తన నంబరుతో చేశాడు. గొడవపడి మానేశాడు. ఇప్పుడు పాస్‌వర్డ్ మాకు తెలిసినా కోడ్ అతని ఫోనుకే పోతోంది. ఏం చేయాలి? (కరీంనగర్ నుంచి కరెస్పాండెంట్)

ముందు అతనితో మంచిగా మాట్లాడండి. ఒక్క ఫోన్ కాల్‌తో అయిపోయే పనికి పోలీసు కేసు దాకా పోవద్దు. పక్కన కూర్చోబెట్టుకుని, రికవరీ నంబరు, రికవరీ మెయిల్ స్కూలువి పెట్టించి, తర్వాత పాస్‌వర్డ్ మార్చి, లాగిన్ అయి ఉన్న పాత డివైజులన్నీ తీసేయాలి. పాస్‌వర్డ్ ఒక్కటి మార్చి సంతోషపడితే చాలదు, రికవరీ నంబరు అతనిదే ఉంటే రేపు పొద్దున మళ్ళీ తెరుచుకోగలడు.

ఈసారి చేసేటప్పుడు ఫేస్‌బుక్ పేజీకి, యూట్యూబ్‌కి పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పాల్సిన పనే లేదండీ, ఎవరి సొంత అకౌంటుతో వాళ్ళు వచ్చేలా రోల్స్ ఇవ్వొచ్చు, వీడియో ఎక్కించేవాళ్ళకి ఎడిటర్ చాలు. జీమెయిల్లో కూడా డెలిగేట్ అని ఉంది, మీ మెయిల్ ఇంకొకరు చదివి జవాబు ఇవ్వగలరు గానీ పాస్‌వర్డ్ మార్చలేరు. ఓనరు స్థాయిలో మాత్రం ఎప్పుడూ ఇద్దరుండాలి, ఒకరి ఫోను పోయినా, ఒకరు పోయినా రెండోవాళ్ళు తెరవాలి. రెండు దశల వెరిఫికేషన్ పెట్టగానే గూగుల్ పది బ్యాకప్ కోడ్లు ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది, ప్రింటు తీసి కవర్లో పెట్టి బీరువాలో పడేయండి. టేబుల్ మీద అద్దం కింద పెట్టొద్దు, నేను చాలా ఆఫీసుల్లో చూశాను.

మనిషి మానేసిన రోజే లాగిన్ మూయాలి, ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్మెంట్‌తో పాటు ఇదీ ఒక లైను ఉండాలి. 2021లో అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ అని, తూర్పు తీరానికి పెట్రోలు పంపే పెద్ద పైప్‌లైను కంపెనీ, దాని కంప్యూటర్లలోకి దొంగలు వచ్చింది ఎవరూ వాడని ఒక పాత వీపీఎన్ (బయటినుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే దారి) అకౌంటు మీద. పాస్‌వర్డ్ చిన్నదేం కాదు, గట్టిదే అని ఆ కంపెనీ సీఈఓ సెనెట్ ముందు చెప్పారు, కానీ రెండో వెరిఫికేషన్ లేదు. రోజుల పాటు పైప్‌లైను ఆపుకున్నారు, బంకుల ముందు జనం బారులు తీరారు, కంపెనీ దొంగలకి 75 బిట్‌కాయిన్లు, అంటే అప్పటి లెక్కలో 44 లక్షల డాలర్లు కట్టింది. అమెరికా ప్రభుత్వం తర్వాత కొంత వెనక్కి పట్టింది, అన్నీ కాదు.

అన్నట్టు, మీ స్కూల్ సొసైటీ సెక్రటరీ గారి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (ఆన్‌లైన్లో సంతకం పెట్టే పెన్‌డ్రైవ్ లాంటిది) ఎక్కడుంది? ఆడిటర్ ఆఫీసులో డ్రాయర్లో, పిన్ నంబరు స్టిక్కర్ మీద రాసి ఉందా? అలా అయితే ముందు అది తెచ్చుకోండి. ఆ సంతకం చట్టప్రకారం ఆయన చేతి సంతకంతో సమానం, దాన్ని జాగ్రత్తగా తన ఆధీనంలో ఉంచుకోవాల్సిన బాధ్యత ఆయనదేనని ఐటీ చట్టం 42వ సెక్షన్ చెప్తోంది. ఫైలింగ్ రోజున ఆడిటర్ దగ్గరికి టోకెన్‌తో వెళ్ళి, పని చూసుకుని, వెంట తెచ్చుకోవడం కొంచెం శ్రమే.

ప్రశ్న: డాలస్‌లో చిన్న టాక్స్ ఫైలింగ్ ఆఫీసు నడుపుతున్నాను. సీజన్లో హైదరాబాద్‌లో నలుగురు అబ్బాయిలు రిటర్నులు ప్రిపేర్ చేస్తారు. సాఫ్ట్‌వేర్ లాగిన్ నాదే, కోడ్ వస్తే మా వాట్సాప్ గ్రూపులో పెడతాను. ఇక్కడ అర్ధరాత్రి వాళ్ళకి మధ్యాహ్నం కాబట్టి నిద్ర ఉండట్లేదు. సులువు దారి చెప్పండి.

నిద్ర సంగతి తర్వాత, ముందు చట్టం సంగతి చూసుకోండి సార్. టాక్స్ ప్రిపేర్ చేసేవాళ్ళు అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ పెట్టిన సేఫ్‌గార్డ్స్ రూల్ కిందికి వస్తారు, కస్టమర్ల వివరాలున్న సిస్టంలోకి వెళ్ళే ప్రతి ఒక్కరికీ మల్టీ ఫ్యాక్టర్, అంటే పాస్‌వర్డ్‌తో పాటు రెండో రుజువు, ఉండాలని 2023 జూన్ 9 నుంచి అమల్లో ఉంది. మీ కోడ్ గ్రూపులో పెడితే అది మల్టీ ఫ్యాక్టర్ అనిపించుకోదు, నలుగురి పని మీ ఒక్కరి పేరు మీద జరుగుతోంది. పైగా రిటర్ను వివరాలు అమెరికా బయట ప్రిపేర్ చేసేవాళ్ళకి ఇవ్వాలంటే అమెరికా పన్ను చట్టం సెక్షన్ 7216 కింద క్లయింటు దగ్గర ముందుగా కన్సెంట్ తీసుకోవాలి, సోషల్ సెక్యూరిటీ నంబర్లకి ఇంకా కఠినం. మన వాళ్ళే కదా, అడుగుతారా ఏంటి అనుకోకండి, అడిగే రోజు ఒకటి వస్తుంది.

నలుగురికీ నాలుగు యూజర్ లైసెన్సులు కొనండి, డబ్బు పెట్టాల్సిందే. ప్రిపేరర్ రోల్ ఇవ్వండి, ఈ-ఫైల్ బటను మీ దగ్గరే ఉంచుకోండి, అంటే వాళ్ళు తయారుచేస్తారు, మీరు చూసి పంపుతారు. కంపెనీల నెట్ బ్యాంకింగ్‌లో మేకర్, చెకర్ అంటారే, అదే. ఎవరికి ఏ క్లయింట్లు కేటాయించారో ఆ ఫైళ్ళే కనిపించేలా పెట్టండి. ఏప్రిల్ 15 దాటగానే నాలుగు లాగిన్లూ ఆపేసి, వచ్చే సీజన్‌కి మళ్ళీ తెరవండి.

ప్రశ్న: మా ఆఫీసులో నెలనెలా పాస్‌వర్డ్ మార్చమంటారు. నేను చివర్లో నెల నంబరు మారుస్తుంటాను. ఇది మంచిదేనా?

మీరొక్కరే కాదు, అందరూ చేసేది అదే, అందుకే ఆ రూలు దండగ. ఊరికే గడువు పెట్టి మార్పించొద్దు, లీకైనట్టు తెలిస్తేనే మార్పించండి అని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది. ఒక పొడుగాటి పాస్‌వర్డ్, ఇంకెక్కడా వాడనిది, దానికి తోడు అథెంటికేటర్. ఈ ముక్క మీ ఐటీ వాళ్ళకి చూపించండి, కోపమొస్తే నా పేరు చెప్పండి.

ప్రశ్న: ఎస్ఎంఎస్ ఓటీపీ ఉంటే చాలదా, యాప్ దేనికి?

ఏమీ లేనిదానికంటే ఎస్ఎంఎస్ చాలా నయం. దాని బలహీనత ఏంటంటే అది నంబరు వెంట పోతుంది, మీ వెంట కాదు. మీ నంబరుకి ఇంకొకడు డూప్లికేట్ సిమ్ తీసుకుంటే ఓటీపీ వాడికే, అందుకే మన దేశంలో సిమ్ మార్చిన మొదటి 24 గంటలు ఎస్ఎంఎస్‌లు ఆపేస్తున్నారు. ఫోన్లో సిగ్నల్ ఒక్కసారిగా పోయి గంటలు గడిచినా రాకపోతే ఊరుకోకండి. యాప్ కోడ్‌కి ఈ ఇబ్బంది లేదు, కానీ నకిలీ వెబ్‌సైటులో మీరే టైప్ చేస్తే యాప్ కోడైనా పోతుంది, వాడు అదే నిమిషంలో అసలు సైటులో కొట్టేస్తాడు. పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు ఫోన్లోనో కంప్యూటర్లోనో దాచుకునే తాళం), సెక్యూరిటీ కీ మాత్రం సైటు పేరుకి ముడిపడి ఉంటాయి, అక్షరం తేడా ఉన్నా పలకవు. బ్యాంకు, ఆఫీసు మెయిల్, అడ్మిన్ అకౌంట్లు, ఈ మూడిటికైనా అవి పెట్టుకోగలిగితే పెట్టుకోండి.

ప్రశ్న: నిన్న సాయంత్రం మా హెడ్ ఆఫీసు ఐటీ నుంచి అని ఫోన్ వస్తే కోడ్ చెప్పేశాను. తర్వాత అనుమానం వచ్చింది. మేనేజర్‌కి చెప్తే ఉద్యోగం పోతుందేమో. ఎవరికీ చెప్పకుండా పాస్‌వర్డ్ మార్చేస్తే సరిపోతుందా? (రాజమండ్రి)

సరిపోదమ్మా, ఇది చదివేసరికి ఆలస్యం అవుతుందని నీకు విడిగా జవాబు పంపాం, మిగతావాళ్ళకి పనికొస్తుందని ఇక్కడ వేస్తున్నాం. ఒకసారి లోపలికి వచ్చినవాడు పాస్‌వర్డ్ మార్చినా లోపలే ఉండొచ్చు, అతను లాగిన్ అయి ఉన్న సెషన్ తెంచాలి, నీ మెయిల్స్ తనకి పోయేలా ఫార్వర్డింగ్ రూలు ఏదైనా పెట్టి వెళ్ళాడేమో చూడాలి, కొత్త ఫోన్ ఏదైనా వెరిఫికేషన్‌కి జోడించాడేమో చూడాలి, ఇవి నీ ఒక్కదాని వల్ల అయ్యే పనులు కావు. మేనేజర్‌కి ఇప్పుడే చెప్పు, ఫోన్ వచ్చిన నంబరు, టైము, నువ్వు చెప్పిన మాటలు, అన్నీ రాసి ఇవ్వు. కంపెనీకి కూడా గడువుంది, ఇలాంటివి తెలిసిన ఆరు గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి చెప్పాలని 2022 ఏప్రిల్ 28న ఉత్తర్వు ఇచ్చారు, నువ్వు దాచిన ప్రతి గంటా వాళ్ళ దర్యాప్తుకి తగ్గిపోతుంది. డబ్బు ఏమైనా పోయుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే అవతలి అకౌంటులో ఆపే అవకాశం అంత ఎక్కువ.

మేనేజర్లు కూడా చదువుతున్నారు కాబట్టి వాళ్ళకో మాట. చెప్పిన పిల్లని తిడితే ఈసారి పొరపాటు చేసినవాడు చెప్పడు, అప్పుడు మీకు తెలిసేది సర్వర్లు ఆగిపోయాకే. ఆ అమ్మాయి లాగిన్‌కి ఎంతవరకు తెరుచుకుంటుందో ఇవాళే చూడండి, గుమాస్తా పనికి కంపెనీ మొత్తం కనిపిస్తుంటే ఆ సంజాయిషీ ఆ అమ్మాయిని కాదు అడగాల్సింది.